కారే తూము

పక్షుల చెరువు గట్టు మీద ఆఫీసరమ్మ బైనాక్యులర్స్ దించి, తూము చూసుకునే ముసలాయనను అడిగింది.

"చెరువు నిండుకుండలా ఉంది. ఒక్క కొంగా లేదేం?"

"లోతెక్కువైందమ్మా. కొంగ నిలబడి తింటుంది గానీ ఈదుతూ తినదు కదా."

"మరి అన్నీ ఎటు పోయాయి?"

"అదిగో, తూము కారే మడుగులో. అక్కడ నీళ్లు చీలమండ దాకే. చేపపిల్లలు ఇట్టే దొరుకుతాయి."

"ఆ లీకుకేగా నీకు మెమో ఇచ్చాను?"

"అవునమ్మా."

"చెరువు నిండా నింపమన్నప్పుడే ఈ ముక్క చెప్పొచ్చుగా!"

"చెప్పానమ్మా. 'తూము తిప్పేవాడివి, పక్షుల పాఠం నాకు చెప్తావా' అని నవ్వారు."

ఆమె తల దించుకుంది.

"మెమో వెనక్కి తీసుకుంటాను. ఇప్పుడేం చేద్దాం బాబాయ్, మీరే చెప్పండి."

"ముందు ఆ మేస్త్రీని ఆపండమ్మా. లీకు మూసేయమన్న కాగితం మీద మీ సంతకం చూసే, మడుగు దగ్గర సిమెంటు కలుపుతున్నాడు."