చక్రం తిరగని రోజు

పొద్దున్నుంచి పట్టిన వాన నాలుగింటికి తెరిపి ఇచ్చింది. మిల్లు రెండో షెడ్డు కొసన నీళ్లు చేరితే పగటి పాళీ వాళ్లు తానులన్నీ బల్లల మీదికి ఎత్తి, మోటార్లు ఒకసారి చూసుకొని, ఇళ్లకు పోయి స్నానాలు చేసి ఇక్కడికి వచ్చారు. అలసిపోయి కూడా వచ్చినందుకు ముందుగా వాళ్లకు నా నమస్కారం. పాళీని ఇవాళ తొందరగా వదిలిపెట్టి, ఈ సభకు అధ్యక్షత వహించిన మా మిల్లు యజమాని ధన్‌సుఖ్‌భాయ్ శేఠ్ గారికి, హాలు ఇచ్చిన తెలుగు సమాజం పెద్ద వెంకటయ్య గారికి, మరమగ్గాల సాంచలు నడిపే అన్నదమ్ములకు, నూలు కండెలు చుట్టే అక్కచెల్లెళ్లకు, కంప్యూటర్ గదిలో ఇన్నేళ్లు నాతో వేగిన కోమలికి, కిరీటికి కూడా నమస్కారాలు.

శేఠ్ గారు నన్ను తెలుగులోనే మాట్లాడమన్నారు. ఆయన పక్కన హెడ్ ఫిట్టర్ రాములన్న కూర్చొని హిందీలో చెప్తున్నాడు. రాములన్నా, నేను ఇంతసేపు చెప్పింది నువ్వు రెండు ముక్కల్లో ముగించినట్టున్నవ్.

"నమస్తే అన్నడని చెప్పిన సారూ. ఇంకేం చెప్పినవ్ నువ్వు?" అంటున్నాడు. (నవ్వులు)

సరే. వీడ్కోలు అని బ్యానర్ మీద రాశారు గాని నేను పోయేది సూరత్ పక్కన కామ్‌రేజ్ దాకనే. అక్కడ ఇల్లు ఉంది, అక్కడే ఉంటాను. కాబట్టి ఎవరూ బాధపడనక్కరలేదు. శాలువా కప్పారు, పూలదండ వేశారు, వెంకటయ్య గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు, వాటిలో కొన్ని నిజం. నేను ఇవాళ మాట్లాడదలిచింది మాత్రం నా కుర్చీ గురించి. నేను దిగిపోయాక మా కంప్యూటర్ గది పనిని సూరత్‌లోనే ఆల్థాన్‌లో ఒక కంపెనీకి అప్పజెప్పాలని శేఠ్ గారి ఆలోచన. అట్లా అయితే కోమలికి మిల్లులో పని ఉండదు. ఈ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు, కాబట్టి నేను అంటున్నాను. ఆ కుర్చీ కోమలికి ఇవ్వాలి. ఎందుకో చెప్పడానికి మీ అందరికీ గుర్తున్న ఒక రోజు గురించి చెప్పాలి.

కొత్తగా చేరినవాళ్ల కోసం కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను. ఒకప్పుడు సాంచ ఆగిపోతే దాన్ని నడిపే మనిషి షెడ్డంతా తిరిగి ఫిట్టర్‌ను వెతుక్కునేవాడు. అరిస్తే వినపడదు, ఆ చప్పుడులో పక్కమనిషి తుమ్మినా తెలియదు. అందుకని నేను ఫోన్‌లో తెరుచుకునే ఒక పేజీ తయారు చేశాను. ప్రతి సాంచకు, ప్రతి కండెల మిషనుకు ఒక బటన్. ఒత్తితే ఫిట్టర్ జేబులో ఫోన్ వణుకుతుంది, అతను లేచి వస్తాడు. అంతే. ఆ పేజీని రాసింది జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో. రాసినదాన్ని చదివి పని చేయించే ఇంజన్ ఒకటి ప్రతి ఫోన్‌లో, బ్రౌజర్ లోపల ఉంటుంది. నేను ఈ పని నేర్చుకున్న రోజుల్లో ఆ ఇంజన్ పనిలో కొత్తగా చేరిన మనిషి లాగా ప్రతి వరుసా కూడబలుక్కుంటూ చదివేది. ఇప్పటిది అట్లా కాదు. ఏ ముక్క మళ్లీ మళ్లీ వస్తున్నదో కనిపెట్టి, నడుస్తుండగానే దాన్ని యంత్రం భాషలోకి మార్చి పెట్టుకుంటుంది. అంచనా తప్పితే వెనక్కి వచ్చి మళ్లీ మామూలుగా చదువుతుంది. తప్పిందని ఒప్పుకోవడానికి దానికి సిగ్గు లేదు. మన ఆఫీసులో అందరికీ ఆ గుణం ఉంటే నేను ఇంకా ముందే రిటైర్ అయ్యేవాణ్ణి. (నవ్వులు)

మా పనిముట్లు కూడా మారిపోయాయి. వెనకట ఒక వరుస మార్చితే, రాసిన ముక్కలన్నీ కలిపి కొత్త పేజీ తయారయ్యేసరికి మేము కిందికి దిగి చాయ్ తాగి, ఎండలో నిలబడి, మాట్లాడుకోవడానికి ఏమీ మిగలక తిరిగి వచ్చేవాళ్లం. ఇప్పుడు సేవ్ నొక్కితే ఎదురుగా తెర మారిపోతుంది. పేజీ ఎక్కడ ఆలస్యం చేస్తున్నదో గీతలు గీసి చూపించే సాధనాలు బ్రౌజర్‌లోనే ఉన్నాయి. గేటు దగ్గర చాయ్ అమ్మే దేవదాస్ ఒకసారి నన్ను అడిగాడు, "ఏంది సారూ, మీ గదిల పని బందయిందా, కిందికి దిగుతలేరు?" అని. పని పెరిగింది దేవదాస్, ఎదురుచూడడం తగ్గింది.

కోమలి ఈ కొత్త సాధనాలన్నీ పట్టుకొని పాత పేజీని మొదటినుంచి తిరగరాసింది. ఇక ఆ రోజు సంగతి. కొత్త పేజీ షెడ్లకు ఇచ్చాం. మధ్యాహ్నం కాకముందే సాంచలు వరుసగా ఆగి ఉన్నాయి. ఫిట్టర్లు మాత్రం బెంచీ మీద కూర్చొని, ఇవాళ ఒక్క పిలుపూ లేదని చాలా సంతోషంగా ఉన్నారు. రాములన్నా, ఇది కూడా చెప్పాలి శేఠ్ గారికి. (నవ్వులు)

ఏం జరిగిందంటే, పాత పేజీలో బటన్ ఒత్తితే పేజీ మొత్తం మళ్లీ తెరుచుకునేది, మధ్యలో ఒక చక్రం తిరిగేది. మన వాళ్లు ఇన్నేళ్లు ఆ చక్రాన్నే నమ్ముకున్నారు. చక్రం తిరిగిందంటే పిలుపు పోయింది, తిరగలేదంటే పోలేదు. కొత్త పేజీలో చక్రమే లేదు. ఒత్తగానే పిలుపు వెళ్తుంది, బటన్ పచ్చగా అవుతుంది. మన వాళ్లు చూశారు, చక్రం తిరగలేదు, పోలేదనుకొని మళ్లీ ఒత్తారు. రెండోసారి ఒత్తితే పిలుపు రద్దవుతుంది. మూడోసారి ఒత్తితే మళ్లీ పిలుపు, నాలుగోసారికి మళ్లీ రద్దు. ఫిట్టర్ జేబులో ఫోన్ వణికేది, లేచేలోపు ఊరుకునేది. వేరే ఊళ్లో, వేరే పనిలో ఈ తప్పు జరగదు. నెమ్మదిగా ఉన్నదాన్ని అంత నమ్మకంగా వాడుకున్నవాళ్లు మనమే.

గంగవ్వ, ఇక్కడే రెండో వరుసలో ఉంది, కండెల మిషను ఆపేసి పైకి వచ్చింది.

"ఏంది పిల్లా ఇది, దయ్యం పట్టిందా మీ ఫోనుకు? ఒత్తితే సప్పుడు లేదు, తిరుగుడు లేదు. పిలుపు అటు ఉరికిందో సచ్చిందో ఎట్ల తెల్వాలె?" అంది.

శేఠ్ గారు కూడా వచ్చారు. ఆయన కోపం న్యాయమే, ఆగి ఉన్నవి ఆయన సాంచలు. "పురానా వాపస్ లగావ్" అన్నారు, పాతదే మళ్లీ పెట్టమని. కోమలిని చూసి, "ఇస్ లడ్కీ కో బహుత్ జల్దీ హై", ఈ పిల్లకు తొందర ఎక్కువ అని కూడా అన్నారు. ఆ మాట ఆయనకు ఇంకా గుర్తుందని నాకు తెలుసు, ఆల్థాన్ కంపెనీ మాట వచ్చింది ఆ తరవాతే.

అప్పుడు కిరీటి ఒక ఉపాయం చెప్పాడు. కిరీటి సూరత్‌లోనే పుట్టి పెరిగాడు, వాడి ఉపాయాలు మూడు భాషల్లో వస్తాయి. "సార్, ఒక చక్రం పెట్టేద్దాం. పని అయిపోయినా కొంచెంసేపు ఊరికే తిప్పుదాం, ఘుమాయేంగే, పబ్లిక్ ఖుష్, శేఠ్ ఖుష్, మనకు హాయి, మజ్జానీ లైఫ్." అందరికీ నచ్చింది. శేఠ్ గారికీ నచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ తొందరగా తేలిపోతుంది గదా అనిపించింది.

కోమలి ఒప్పుకోలేదు. "అబద్ధం తిప్పను సార్" అంది. "పని అయినంక కూడ అయితున్నదని చూపిస్తే, రేపు నిజంగ ఆగినప్పుడు వాళ్లు ఏం చూసి తెలుసుకుంటరు?" అంది. గొంతు పెంచలేదు. శేఠ్ గారి ముందు నిలబడే అంది.

తరవాత లాప్‌టాప్ తీసుకొని కిందికి దిగి, గంగవ్వ మిషను పక్కన ఒక తాను మీద పెట్టుకొని కూర్చుంది. అక్కడే మార్చేది, సేవ్ చేసేది, గంగవ్వ చేతిలో ఫోన్ మారిపోయేది. "ఇట్లనా?" అనేది. "అక్షరాలు సన్నగున్నయి బిడ్డా, నాకు ఆనుతలేవు" అనేది గంగవ్వ. మళ్లీ మార్చేది. "గీ మొండి రంగు తీసెయ్, వెల్తురుల కనవడుతలేదు." మళ్లీ మార్చేది. పాత పనిముట్లతో ఇది కుదిరేది కాదు. ఒక్కో మార్పుకు అంతసేపు పడితే గంగవ్వ తన మిషను వదిలి కూర్చోదు, మేమూ కిందికి దిగం. మా గదిలో కూర్చొని గంగవ్వకు ఏం కావాలో మేమే ఊహించుకునేవాళ్లం. ఊహించుకున్నాం కూడా, చాలా ఏళ్లు.

సాయంత్రానికి పేజీ కుదురుకుంది. రద్దు బటన్ వేరే చోటికి పోయింది. ఫిట్టర్ తన ఫోన్‌లో ఔనని ఒత్తగానే, పిలిచిన మనిషికి అతని పేరు పెద్ద అక్షరాలతో కనపడుతుంది. రాములు వస్తున్నాడు. బిక్షపతి వస్తున్నాడు. చక్రం గురించి ఆ తరవాత ఎవరూ అడగలేదు.

దీనితో కష్టపడింది ఫిట్టర్లే. అంతకుముందు ఫిట్టర్లు రాలేదు అనేవాళ్లు. ఇప్పుడు రాములు రాలేదు అంటారు. (నవ్వులు, చాలాసేపు) రాములన్నా, ఆగిపోయినవేంది? చెప్పు శేఠ్ గారికి.

"అది ఆయనకు తెలుసు సారూ, ముందుకు నడువు" అంటున్నాడు.

ఇంకొక్క మాట. ఆ పేజీలో మొదటి అక్షరం నేను రాసిందే. ఇప్పుడు అందులో నేను రాసిన వరుస ఒక్కటి కూడా లేదు. చివరిది తీసేముందు కోమలి నన్ను పిలిచి చూపించింది. "తీసేయనా సార్?" అంది. తీసెయ్ అన్నాను. ఆ రోజు నేను కొంచెం ముందుగానే ఇంటికి పోయాను. కోమలి పని బాగుంది. నాదానికన్నా బాగుంది. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు, మర్యాద మాటలు మొదటే చెప్పేశాను.

కాబట్టి శేఠ్ గారూ, అడగవలసింది అందరి ముందే అడుగుతున్నాను. ఆల్థాన్ వాళ్లు మంచివాళ్లే కావచ్చు. పేజీ వాళ్లూ రాస్తారు. వాళ్లలో ఎవరు వచ్చి గంగవ్వ పక్కన కూర్చుంటారో మాత్రం నాకు చెప్పండి. రాములన్నా, ఇది మొత్తం చెప్పు. ఒక్క ముక్క కూడా మింగకు.

(రాములు చెప్పాడు. శేఠ్ హిందీలో ఒక ప్రశ్న అడిగారు.)

శేఠ్ గారు అడుగుతున్నారు, రాత్రి పాళీలో, ఇట్లాంటి వానలో పేజీ ఆగిపోతే ఎవరు వస్తారని. ఇది నేను చెప్పేది కాదు. కోమలీ, లేచి నువ్వే చెప్పు.

"నేనే వస్త శేఠ్. బస్సు దొరకకపోతే లేట్ అయితది, అది ముందే చెప్తున్న. నేను వచ్చేదాక కిరీటి ఫోన్ ఎత్తాలె, స్విచ్చాఫ్ చేసుకొని పండుకోవద్దు." (నవ్వులు)

శేఠ్ గారు "దివాళీ తక్" అన్నారు. అందరూ విన్నారు గదా. దీపావళి దాకా ఆల్థాన్ వాళ్లు ఆగుతారు, కుర్చీలో కోమలి ఉంటుంది, ఆ తరవాత చూద్దామన్నారు. శేఠ్ గారు ఒక మాట అంటే తప్పరని ఈ హాలులో సగం మందికి అనుభవం. ఆ తరవాత చూడడానికి ఏమీ ఉండదని నా నమ్మకం. కోమలి పని ఆయన రోజూ చూస్తారు. కోమలి థాంక్స్ చెప్పలేదు, తల ఊపి కూర్చుంది. అది సరిగ్గానే ఉంది.

రాములన్న ఇందాకటి నుంచి నా కళ్లలోకి చూస్తున్నాడు, నీళ్లు వస్తాయేమోనని. రావు. చేయవలసిన పని చేశాను, అప్పజెప్పవలసిన చేతికి అప్పజెప్పాను. ఈ బురదలో వచ్చి, తడి చెప్పులతో ఇంతసేపు కూర్చొని విన్న మీకు, వడ్డించడానికి నిలబడి ఉన్న వంటవాళ్లకు, నన్ను తెలుగులో మాట్లాడనిచ్చిన శేఠ్ గారికి కృతజ్ఞతలు. భోజనాలు చల్లారుతున్నాయి. నాకు సెలవు.

(ధన్‌సుఖ్‌భాయ్ భోజనం చేయకుండా ఏడున్నరకు పనిమీద బార్డోలీ వెళ్లారు. రాత్రి పాళీ వాళ్లు ఎనిమిదింటికి ముందు మిల్లు వ్యానులో వెళ్లారు. పేజీ చూసుకోవడానికి కోమలి కూడా లాప్‌టాప్ తీసుకొని వాళ్లతో మిల్లుకు వెళ్లింది.)