మొగిలమ్మ దగ్గరి ఐదు చీటీలు

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పంపే రైతుల సంఘం ఆఫీసు. అధ్యక్షురాలు మొగిలమ్మ తీరిగ్గా చాయ్ తాగుతోంది. సంఘానికి మిర్చి గ్రేడులు రాసే బ్లాక్‌చైన్ అనే కంప్యూటర్ ఖాతా తయారుచేసిపెట్టిన ఇంజనీరు ఉదయ్ మాత్రం చాయ్ పక్కన పెట్టేశాడు.

“ఐదు చీటీలు నీ దగ్గర్నే ఉన్నయా?”

“ఉన్నయి. ఫికర్ చెయ్యకు, పసుపు డబ్బల పెట్టిన.”

“పెద్దమ్మా, ఎవరి చీటి వాళ్ల దగ్గర్నే ఉండాలె. మిర్చి గ్రేడు ఒక్కసారి ఎక్కితే ఎవ్వరు మార్చొద్దు. గ్రేడు గాని చీటి గాని మార్చాల్నంటే మీ కమిటీ ఐదుగుర్ల ముగ్గురు ఒప్పుకొని, చీటి మీది పన్నెండు మాటల పాస్‌వర్డు ఎవరిది వాళ్లు కొట్టాలె.”

“ఒప్పుకుంటరు తియ్యి. నేనడిగితె ఎవరు కాదంటరు?”

“అసలు నీకెందుకిచ్చిన్రు?”

“కుమారస్వామికి పెండ్లాం మీద నమ్మకం లేదు. సమ్మమ్మకు మొగని మీద లేదు. కట్టయ్యకు మతిమరుపు. ఎల్లస్వామికైతె ఎల్లస్వామి మీదనే నమ్మకం లేదు. నలుగురు నాకే తెచ్చిచ్చిన్రు.”

“అయిపాయె. ఇప్పుడు నువ్వొక్కదానివే ఏదన్న మార్చొచ్చు.”

“మార్చిన్నా?”

“మార్చలే. గని మార్చొచ్చు గద. గిందుల మనిషిని నమ్ముడే ఉండొద్దు. రేపు మీటింగుల నాలుగు వందల మంది రైతులకు గిది తెలిస్తె ఒక్కరు గూడ ఈ ఖాతాల చేరరు. నా ఆర్నెల్ల కష్టం బుగ్గిపాలు.”

“సరె, తప్పు నాదే. ఇయ్యాల్నే పంచుత. జర ఒకటి అడుగుత, చెప్పు.”

“అడుగు.”

“పోయిన వారం కట్టయ్య చీటి అంగితోని ఉతుకుడుకు పోయింది. నువ్వు కొత్తది ఇచ్చినవు.”

“ఇచ్చిన.”

“ముగ్గురు ఒప్పుకోంది ఏదీ మారదంటివి. మమ్ముల ఎవ్వర్ని అడగలే. ఎట్లిచ్చినవు?”

“అది... అది వేరే పెద్దమ్మా. టెక్నికల్.”

“టెక్నికల్ అంటే?”

“అర్జంటుకు ఒకటి ఉంటది. అందరు పెట్టుకుంటరు.”

“ఏం పెట్టుకుంటరు?”

“చీటి అసుంటిదే.”

“ఆరోదా?”

“ఆరోది అనకు. అది లెక్కల రాదు.”

“దాంతోని నువ్వొక్కనివే గ్రేడు గూడ మార్చొచ్చా?”

“మార్చొ... నేనెందుకు మారుస్త?”

“నేను గూడ మార్చలే బిడ్డా. నాకు వాళ్లు తెచ్చిచ్చిన్రు. నీకెవరిచ్చిన్రు?”

“ఎవరియ్యలే. నేనే ఉంచుకున్న.”

“మంచిది. రేపు మీటింగుల నా తప్పు నేను చెప్త. నీది నువ్వు చెప్తవా, నన్నే చెప్పుమంటవా?”