గోడవైపు కుర్చీ

నా పేరు తిప్పేష్, తండ్రి పేరు ఓబన్న, వయసు 25 సంవత్సరాలు, చదువు బీటెక్, సొంత ఊరు తనకల్లు. పెనుకొండ రోడ్డులో కారు వైర్లు తయారుచేసే కొరియా కంపెనీలో దుభాషిగా పనిచేస్తున్నాను. ఆ భాష ఎక్కడ నేర్చావని ఎస్‌ఐ గారు అడిగినందున చెబుతున్నాను: బెంగళూరులో ఎనిమిది నెలల కోర్సు, మిగతాది సీరియళ్ళు.

ఈరోజు, 12-02-2025 బుధవారం, కంపెనీ వార్షికోత్సవం. మధ్యాహ్నం 2.30కి క్యాంటీన్‌లో తెర కట్టి ఒక కొరియా సినిమా వేశారు. ఆఫీసు మీద హాస్యచిత్రమని విని హెచ్‌ఆర్ మేనేజర్ జయరాం గారు తెప్పించారు. ముందు చూడలేదు. నేను తెర పక్కన మైకు పట్టుకుని మాటలు తెలుగులో చెప్పాను. సినిమాలో లేని జోకులు కూడా చెప్పాను, సుమారు ఏడు.

కథ ఇది. ఒక గుమాస్తాను తీసేయాలి. తీసేస్తే పరిహారం ఇవ్వాలి. కనుక పని లాక్కుని, కుర్చీని గోడవైపు తిప్పి, తానే రాజీనామా ఇచ్చేదాకా కూర్చోబెడతారు. లైనులో పనిచేసేవారు నవ్వారు. సూపర్‌వైజర్లు నవ్వలేదు. కొరియా నుంచి వచ్చిన డైరెక్టర్ గారు అందరికంటే ఎక్కువ నవ్వారు. తన కంపెనీ స్టోర్ రూములోనే అటువంటి కుర్చీ ఉందని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు.

3.10కి జయరాం గారు లేచి, "ఆపండయ్యా, ఇది కంపెనీని ఎగతాళి చేసేది" అన్నారు.

లైనులో పనిచేసే చౌడేశ్వరి, "ఉండనీ సార్, మాకు బాగుండాది. బాగలేనోళ్ళు బయటికి పోండి" అంది.

జనం రెండుగా చీలి అరుచుకున్నారు. ప్రొజెక్టర్ ఆపేశారు.

అప్పుడు ముత్యాలప్ప నా దగ్గరకు వచ్చాడు. వయసు 54. కంపెనీకి మూడెకరాల వేరుశనగ చేను ఇచ్చి ఉద్యోగం పొందినవాడు. కొత్త మిషన్ వచ్చాక ఆయన పని పోయింది. జనవరి 20న జయరాం గారు ఆయనకు స్టోర్ రూములో గోడకెదురుగా కుర్చీ వేయించారు. ఇదేమప్పా అని ఆయన ఆ రోజు నన్నడిగితే, "భూమిచ్చినోళ్ళకు మర్యాద చిన్నాయనా, రాజా మాదిరి కూచో" అన్నాను. తమాషాకు అన్నాను. ఆయన నిజమనుకున్నాడు. మరునాటి నుంచి ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు. రోజూ ఇస్త్రీ చొక్కానే.

"సినిమాలో ఆయప్పను గోడ తట్టు ఎందుకు కూచోబెట్టినారు?" అని అడిగాడు.

"తనంతట తానే పోవాలని."

"అయితే నన్ను?"

నేను మైకు వైరు చుట్టసాగాను. అదే ఆయనకు జవాబయింది.

3.25కి ఆయన స్టోర్ రూములోని కుర్చీ ఎత్తుకుపోయి, మెయిన్ గేటు మధ్యలో వేసుకుని, కంపెనీవైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. లోపలికి రావలసిన లారీలు రెండు ఆగాయి. ఎవరినీ తిట్టలేదు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. డైరెక్టర్ గారు వచ్చి, ఏమంటున్నాడని నన్ను అడిగారు.

ముత్యాలప్ప అన్నది ఇది: "నేను పని చేసేకి వచ్చినా. కసువు ఊడ్చే పనైనా ఇయ్యమను. రాజీనామా మాత్రం ఇయ్యను. ఉన్నదున్నట్టు చెప్పు తిప్పేషూ."

అది చెబితే, కుర్చీ సంగతి ముత్యాలప్పకు విప్పి చెప్పిందెవరని అడుగుతారు. నా ఉద్యోగానికి ఇంకా ప్రొబేషన్ తీరలేదు. నేను కొరియా భాషలో, "తాగి ఉన్నాడు, మాట అర్థం కావడం లేదు" అన్నాను. డైరెక్టర్ గారు తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు.

"చెప్తివా?" అన్నాడు ముత్యాలప్ప.

"చెప్పినా చిన్నాయనా."

"మంచిదప్పా" అన్నాడు.

4.05కి పోలీసులు ఆయనను జీపు ఎక్కించారు. తాగి వచ్చి గేటు ఆపాడని కంపెనీ ఫిర్యాదు. తాగినట్టు రాసుకుంటే పరిహారం లేకుండా తీసేయవచ్చు. ఆ తాగాడన్న మాట మొదట పుట్టింది నా నోట. ముత్యాలప్ప తాగలేదు. పరీక్ష చేయించండి. తాగలేదు. తాగి ఉన్నాడని టైపు చేసి జయరాం గారు నా సంతకానికి ఇచ్చిన కాగితం నా జేబులో ఉంది. దాని మీద సంతకం చేయలేదు.

ఈ వాంగ్మూలం మీద చేస్తున్నాను. పైదంతా నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది, ఎవరి బలవంతమూ లేదు. కోర్టులో అడిగినా ఇంతే చెబుతాను. డైరెక్టర్ గారికి మాత్రం ఆయన భాషలో, ముత్యాలప్పను పక్కన నిలబెట్టుకుని చెబుతాను.

(సంతకం) ఓ. తిప్పేష్
12-02-2025, సాయంత్రం 5.40