సోమెలమ్మ తోలిన జారుడుసెక్క

వంతల గాసన్న తన జారుడుసెక్కని పెళ్లాం కంటే బాగా సూసుకుంటాడని ఊళ్లో అనీవోరంట. పెళ్లాం సోమెలమ్మ ఎదురుగానే అనీవోరు. ఆవిడ నవ్వీసి ఊరుకునీది. జారుడుసెక్కంటే ఏటో మీకు తెలీదు, ఇప్పుడెక్కడున్నాయి గనక. మా ఊరు కొండ కింద, పొలాలు కొండ మీద. కోసిన సోళ్లు, అదే రాగులు, మోపులు కట్టి నెత్తి మీద దింపాలంటే పొద్దు గుంకిపోయీది. అయితే పుష్యమాసం వొచ్చిందంటే, తెల్లారేసరికి కొండవాలు గడ్డి మీదంతా మంచు పేరుకుపోయి ఉప్పు సల్లినట్టుండీది. దాని మీద సెక్కేసి, మోపులెట్టుకుని కూకుంటే సర్రుమని ఊళ్లో ఉండీవోడు మనిషి. సక్రం లేదు, ఎద్దు లేదు. నిలువెత్తు వేగిస సెక్క, ముందు కొస వేణ్ణీళ్లలో నానబెట్టి పైకి వంచీసి, దానికో తాడు. అంతే అనుకో.

అంతే అనుకుంటాం గానీ, దాన్ని సాకడం ఉంది సూడు, అదీ పని. గాసన్న కొండతేనె పిండగా మిగిలిన మైనం దాసుకునీవోడు. సాయంత్రం పొయ్యి దగ్గర సెక్కని బోర్లా పెట్టి, అడుగు వెచ్చబెట్టి, గోనెగుడ్డతో ఆ మైనం రుద్దీవోడు. మొహం కనిపించీ వరకూ రుద్దీవోడు. రుద్దేక కళ్లు మూసుకుని అరిచెయ్యితో తడివీవోడంట, ఎక్కడైనా పేడు లేచిందా అని. గోరంత పేడు లేచినా సెక్క అటే లాగేస్తాది మరి. ఎండలో పెట్టనిచ్చీవోడు కాదు, పగులుతాదని. తడితో వదిలీవోడు కాదు, ఉబ్బుతాదని. ఇంక తోలడమంటారా, తాడు ఒట్టినే పట్టుకోడానికి. తిప్పీది నడుమూ మడమా. ఎడమకెళ్లాలంటే ఎడమకి ఒరిగి, ఎడమ మడమ గడ్డిలో దిగెయ్యాలి. బండని సూస్తే బండకే పోతావు, సందుని సూడు, అనీవోడు కుర్రోళ్లతోటి. పెళ్లయిన కొత్తలో సోమెలమ్మ ఒకసారి నన్నూ ఎక్కించు అనడిగిందంట. ఆడోళ్లకి నడుం నిలబడదు, వొద్దన్నాడంట. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఒక ఏడు ఏమైందంటే, ఆఖరి సోళ్ల మోపులు దింపడానికి మొగుడూ పెళ్లాం సీకటుండగానే సెక్క మోసుకుని కొండెక్కేరు. తెల్లారింది. మోపు బిగించడానికి గాసన్న కత్తితో తీగ నరుకుతుంటే, కాలికింద మంచు జారి, ఆ కత్తి పిక్కలోకి దిగీసింది. రగతం కారిపోతోంది. సోమెలమ్మ కోక కొంగు సించి కట్టింది, తడిసిపోయింది. ఇంకో పొర కట్టింది, అదీ తడిసిపోయింది. అరిస్తే కిందకి వినపడదు, మొయ్యడానికి ఆవిడొక్కర్తీ సాలదు. ఊళ్లో పసరు కట్టీ ముసిలమ్మ ఉంది గానీ, నడిసెల్లి తీసుకొచ్చీసరికి పొద్దెక్కిపోద్ది. అప్పటికే తూరుపు కొండ మీద ఎండ పొడుస్తోందంట. ఎండ వాలు మీదకి దిగిందంటే మంచు కరిగిపోద్ది, సెక్క కదల్దు.

ఆవిడ మోపులు తోసీసి, మొగుణ్ణి సెక్క మీద ముందు కూకోబెట్టింది. తాడు తనకిమ్మన్నాడు గాసన్న. నేనే తోల్తాను, నువ్వెనక నన్ను పట్టుకో అన్నాడు. ఏ కాలితో తోల్తావు అందంట ఆవిడ. ఆవిడ ఎనకాల కూకుని, కోక గోసీ పోసీసి, వాడి నడుం సుట్టూ తాడు తిప్పి కొస సేతిలోకి తీసుకుంది. కాలితో ఒక్క తోపు తోసింది.

సెక్క బయలెల్లింది. అలా ఇలా కాదు, సెవుల్లో గాలి కోసీసినట్టు. గాసన్న జన్మలో ఎప్పుడూ సెక్క మీద సరుకులాగ కూకోలేదు. నడివాలులో పెద్ద బండుంది, దాని కుడిపక్క గెడ్డ, అదే వాగు, ఎడంపక్క మనిషి పట్టీ అంత సందు. బండ దగ్గరికొచ్చీసరికి వాడికి బయ్యమేసి కుడికి ఒరగబోయేడంట. ఎనకనించి సోమెలమ్మ నెమ్మదిగా, సోళ్లు సెరుగుతూ సెప్పినట్టు, "మావా, బరువు కదలకూడదు" అంది. అన్నాక ఎడమకి ఒరిగింది. మడమ దిగేసింది. గడ్డి సిరుగుతున్న సప్పుడూ, ఆవిడ ఊపిరీ, ఆ రెండే వినపడ్డాయంట వాడికి. కళ్లు మూసుకున్నాడు. మొగోడు కళ్లు మూసుకున్నాడని నవ్వకండి, మీరున్నా మూసుకుందురు. కళ్లు తెరిసీసరికి బండ ఎనకుండిపోయింది, కింద మా ఊరి పొయ్యిల పొగ కనిపిస్తోంది. అప్పుడు ఏడుపొచ్చిందంట వాడికి. కాలు నెప్పనుకున్నారు ఊరోళ్లు.

కాలు నిలబడింది గానీ నడకలో కుంటు మిగిలిపోయింది, మడమ దిగెయ్యడానికి పనికిరాలేదు. మరుసటేడు పుష్యంలో గాసన్న సెక్కకి మైనం రుద్ది, తడివి సూసి, పెళ్లాం ముందర పెట్టేడు. ఆవిడ తాడు అందుకుంది. అప్పట్నించి ఆవిడ తోలీది, ఈడు సాకీవోడు. పని అయిపోయేక ఊరాడోళ్లందరూ వరసగా ఎక్కీవోరు. ఆ నవ్వులు, ఓలమ్మా, ఎండెక్కినా ఆగీవి కాదు. ఇప్పుడా వాలంతా కాఫీ మొక్కలు. రోడ్డొచ్చింది, ఆటోలొచ్చీసేయి. మంచు మాత్రం అలాగే పడుతోంది, ఎవరి కోసమో మరి.

ఇంతకీ ఆవిడ ఎప్పుడు నేర్సుకుందీ అంటారా? గాసన్న కూడా అదే అడిగీవోడు. పోయీ ముందరి ఏడు నన్ను కూడా అడిగేడు. వాడు సంతకెల్లిన ప్రతీసారీ, తెల్లారగట్ల సోమెలమ్మతో కలిపి నలుగురాడోళ్లు సెక్క అటక మీంచి దించి కొండ మీదకి మోసుకెల్లీవోరు, ఎండ రాకముందే తుడిసి పెట్టీసీవోరు. ఆ నలుగురిలో మా అమ్మ ఒకర్తి. నాకెలా తెలుస్తాది తాతా, అనీసేను నేను. ఆడోళ్ల గుట్టు నేనెందుకు సెప్పాలి?