మూడో అంకంలో అందించే మాట

ప్రొద్దుటూరు, 1958. సాయంత్రం ఐదు దాటింది. నాటకం మొదలు కావడానికి ఇంకా గంట ఉంది. స్టేజీ పక్క తెర చాటున ఇద్దరు: ప్రాంప్టరుగా ఉండే బడిపంతులు సీతాపతి అయ్యవారు, హీరో వేషం కట్టే బట్టల అంగడి పద్మనాభయ్య భార్య రాజ్యలక్ష్మి.

"ఒక్క ముక్క రాదమ్మా మీ ఆయనకు. నిజం చెప్తాండా."

"మూడు నెల్లు రిహార్సలు చేసినారు కదా అయ్యవారూ?"

"మేం చేసినాం. ఆయన ఊర్లో ఉంటే కదా? అంగడి సరుకు, అంగడి సరుకు అని వారానికి నాలుగు దినాలు బస్సెక్కి పోతాండె."

"ఊఁ. అవును, సరుకు."

"ఏమమ్మా?"

"ఏం లేదు. ప్లాస్కులో కాఫీ తెచ్చినా, ఆయనకియ్యండి. మరి మాటలు రాకుంటే ఎట్ల? పోటీలంట, జడ్జీలంట?"

"నేనుండేది దేనికి? ఈ తెర చాటున నిలబడి అందిస్తా. ఆయన అంటాడు. అంతే."

"మీరేది చెప్తే అది అంటాడా?"

"అదే అంటాడు."

"ఏదైనా?"

"ఏదైనా. కమలాపురంలో ఏమాయెనో మీకు చెప్పలేదా? రెండో అంకం. హీరోయిన్ పాప ఏడుస్తాంది. ఆడ కరెంటు లేదు, పెట్రోమాక్సు పెట్టినారు. అది మసకబారింది. నేను పక్కన ఆ దీపానికి పంపు కొట్టే అల్లాబక్షుతో 'గాలి కొట్టు, ఆరిపోతాంది' అన్నా. మీ ఆయన ఆ పాప భుజం మీద చెయ్యేసి, గొంతు బొంగురు చేసి, 'గాలి కొట్టు... ఆరిపోతాంది' అన్నాడు."

"అయ్యో! జనం నవ్వలేదా?"

"చప్పట్లు కొట్టినారమ్మా! ఏందో లోతైన మాట అనుకున్నారు. సాంఘిక నాటకం కదా. ఒక మేజా, రెండు కుర్చీలు, ఒక టెలిఫోను. దాంట్లో ఏమన్నా లోతుగానే వినపడతది."

"తను అట్ల అన్నానని ఆయనకు తెలిసిందా?"

"అనేసినాక తెలిసింది. అనేటప్పుడు తెలీదు. నా గొంతు ఆయన చెవిన పడితే నేరుగా నోట్లోకి వస్తది, నడుమ మనసుకు పనిలేదు. పద్యనాటకం ఆడినప్పుడు ఇట్లుండ్లా. పద్యమైతే నిద్రలో లేపినా పాడేవాడు. రాగం తీసినాడంటే వన్స్ మోర్, వన్స్ మోర్! ఈ వచనం నిలవదు ఆయనకు. పైగా కోస్తా మాట. అర్థం చూసుకోడు, శబ్దం పట్టుకుంటాడు. మూడేసి మాటలు ఇస్తాపోతా. తోలుబొమ్మకు తెర వెనక నుంచి మాటిచ్చినట్లే అనుకోండి."

"మీరూ శానా ఏండ్లు ఆడవేషం కట్టినారు కదా ఆయన పక్కన?"

"పద్దెనిమిదేండ్లు. ఆయన రాజు, నేను రాణి. బళ్లారి నుంచి కన్నడ కంపెనీవాళ్లు వచ్చి నా నడక చూసి పోయినారు. 'ఈయన మొగోడా?' అన్నారు. ఇప్పుడెందుకు లేమ్మా."

"మానుకున్నారెందుకు?"

"మానుకున్నా. వయసొచ్చింది. మానుకున్నా."

"అయ్యవారూ, మీ పుస్తకంలో నుంచి కాయితం పడింది. ఉండండి, నేను తీసిస్తా."

"వద్దమ్మా! ఇట్లియ్యండి. ఇయ్యండి."

"మీ రాతే కదా. 'జమ్మలమడుగులో నిండు సభలో...'"

"చదవద్దమ్మా."

"'...నిండు సభలో సీతాపతి విగ్గు నా చేత్తో నేనే లాగాను. నేను నీచుణ్ణి.' ఇది నాటకంలో ఉందా?"

"ఆ కాయితం ఇయ్యండి."

"అడుగుతాండా అయ్యవారూ. ఇది నాటకంలో ఉందా?"

"లేదు. ఈ పొద్దు ఉంటది. మూడో అంకంలో ఉంటది."

"మా ఆయన చేత ఇది చెప్పిస్తారా?"

"చెప్పిస్తా! పోయి చెప్పుకోండి, పోండి. మేకప్ రూములోనే ఉండాడు. నాకు భయం లేదు. నాలుగేండ్లు, నాలుగేండ్లు కడుపులో ఈ మంట పెట్టుకొని తిరుగుతాండా. జమ్మలమడుగులో వెయ్యిమంది జనం. రాణి ఏడ్చే ఘట్టం. ఆడోళ్లు కొంగులతో కండ్లు తుడుచుకుంటాండారు. ఈయన దగ్గరికొచ్చినాడు. తల నిమురుతాడనుకున్నా. పట్టి లాగినాడు! నా గుండు, గుండు మీద పిలక. జనం ఎట్ల నవ్వినారో... ఈయన ముందుకు పోయి, 'మొగోళ్లు చీరలు కట్టే కాలం పోయింది, వచ్చే నాటకానికి ఆడమనిషినే తెస్తాం' అని చెప్పినాడు. ఆ మాట చెప్పేదానికి నా తల కావాల్సొచ్చిందమ్మా ఆయనకు."

"నేనూ ఉన్నా ఆడ."

"మీరుండారా?"

"మా పుట్టినూరే కదా. నవ్వినా కూడా. అది నాటకంలోదే అనుకున్నా అయ్యవారూ, తెలీక నవ్వినా."

"అందరూ నవ్వినారు లేమ్మా. మరుసటి దినం బడికి పోతే నల్లబల్ల మీద చీర కట్టిన బొమ్మ. దాని పక్కన నా పేరు. సుద్దముక్కతో గీసినారు, నేనే తుడుచుకున్నా. మళ్ల ఈయనే వచ్చి, 'ఏమనుకోవద్దు సీతాపతీ, ప్రాంప్టింగు చెయ్యి' అన్నాడు. చేస్తా అన్నా. ఎందుకన్నా? ఇందుకే! పద్యనాటకంలో ఆయనకు నాతో పనిలేదు. ఈ కొత్త నాటకాల్లో ఆయన నోరు నా చేతికొచ్చింది. కాచుకోనుండా."

"ఈ పొద్దే ఎందుకు?"

"ఊరంతా వస్తాంది కాబట్టి."

"అవును, ఊరంతా వస్తాంది. మా మామ అప్పుడే వచ్చి కూచున్నాడు. ముందు వరసలో వాలుకుర్చీ ఏయించినా. మా అన్నలు ముగ్గురూ జమ్మలమడుగు నుంచి వచ్చినారు. నేనే రమ్మని జాబు రాసినా."

"ఇంకేం, అందరికీ కలిపి చెప్పండి పోయి."

"నేనెందుకు చెప్తా?"

"మొగుడు కదమ్మా."

"మొగుడే."

"మీ మొగం చూస్తే... ఆ హీరోయిన్ పాప మీద అనుమానమా మీకు? తెనాలి నుంచి వచ్చిందే, ఆ పాప మీద? లేదమ్మా. ఆమె మంచిది. ఆయనతో ఏమీ లేదు. నేను రోజూ చూస్తాండా."

"తెలుసు. ఆమెనేం అనొద్దు. పొద్దున మా ఇంట్లోనే అన్నం తినింది పాపం. అయ్యవారూ, ఈ కాయితంలో మాట చెప్పిస్తే ఏమైతది?"

"ఏమైతదా? పరువు పోతది!"

"పోదు. జనం నవ్వుతారు. కమలాపురంలో మాదిరి చప్పట్లు కూడా కొడతారేమో. రేపు పొద్దున ఆయన మిమ్మల్ని అంగడికి పిలిచి, పట్టు పైపంచె కప్పి, 'సీతాపతీ, మనం మనం ఒకటి' అంటాడు. మీరు కప్పుకుంటారు."

"కప్పుకోను."

"కప్పుకుంటారు అయ్యవారూ. నాకు తెలుసు. నేనూ అట్ల శానా చీరలు కట్టుకున్నా."

"అంటే?"

"పోయిన నెల గాజుల ఖాజాబీ మా ఇంటికొచ్చింది. పులివెందుల్లో ఇల్లిల్లూ తిరిగి గాజులమ్ముకొని వచ్చింది. నా చెయ్యి పట్టుకొని గాజులు తొడుగుతా ఒక మాట చెప్పింది. చెప్పి ఆమె ఏడ్చింది. నేను ఏడ్వలేదు."

"ఏం మాటమ్మా?"

"మామకు చెప్పినా. 'నా కొడుకు అట్లాంటోడు కాదు' అన్నాడు. అన్నలకు రాసినా. 'గాజులమ్మేదాని మాట పట్టుకొని సంసారం చెడగొట్టుకుంటావా' అని జాబు రాసినారు. ఆయన్నే అడిగినా. నా తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినాడు. సాయంత్రానికి చీర తెచ్చినాడు."

"రాజ్యలక్ష్మమ్మా..."

"నేనంటే ఎవురూ నమ్మరు అయ్యవారూ. ఆడదాని అనుమానం అంటారు. ఆయన నోటనే రావల్ల. వాళ్లందరూ వింటాంటే రావల్ల. మూడో అంకంలో పొడుగు మాట ఉంది కదా ఆయనకు?"

"ఉంది. ముందుకొచ్చి నిలబడి చెప్తాడు. లైటంతా ఆయన మీదే."

"జనం గమ్మునుంటారా?"

"చీమ పారినా వినపడతది."

"ఇదో మీ కాయితం. పెన్సిలు తీయండి. మీరు రాసింది కొట్టేయండి."

"నాదెందుకు కొట్టేయాల? రెండూ చెప్పిస్తా. నాది ముందు, మీది తర్వాత."

"కుదరదు. మొదటిది అనేసినాక ఆయనకు తెలివొస్తది. మీరే చెప్పినారు కదా, అనేసినాక తెలిసిందని. ఒక్కటే చెప్పించగలం."

"నాలుగేండ్లమ్మా. నాలుగేండ్లు కాచుకున్నా."

"మీ విగ్గు లాగినాడు. మీరు ఇంటికి పోయి తలుపేసుకున్నారు. నేను యాడికి పోవల్ల? తలుపేసుకుంటే ఆయనా లోపలే ఉండాడు."

"ఇది నాటకం మధ్యలో... ఆయన ఇంక తలెత్తుకొని తిరగలేడమ్మా ఈ ఊర్లో. తెలుసా మీకు?"

"తెలిసే వచ్చినా. కాఫీ ఇచ్చేదానికి నేనెప్పుడన్నా స్టేజీ వెనక్కి వచ్చినానా?"

"ఇదో... కొట్టేసినా. చెప్పండి. ఏం రాసుకోవల్ల?"

"మీ నాటకంలో మాదిరి కోస్తా మాటలోనే రాసుకోండి, అర్థం చూసుకోకుండా అంటాడు. ఊఁ, రాయండి. 'పులివెందులలో నాకు ఇంకో పెళ్లాం ఉంది. మా పెద్దవాడికి ఏడేళ్లు. రాజ్యలక్ష్మి తల మీద చెయ్యి పెట్టి నేను చేసింది అబద్ధపు ప్రమాణం.'"