దుంగ అడిగిన ఇంజను

మెకానిక్‌కి నాలుగో గేరు అని పేరు ఊరికే పడలేదు. అతను ఏ బండి నడిపినా నోరు మాత్రం నాలుగో గేరులోనే ఉంటుంది. దానికి బ్రేకు వేసేవాళ్ళు ఇంకా పుట్టలేదని వీధిలో అందరూ ఒప్పేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం టీ కొట్టు అరుగు మీద అతనికి ముగ్గురు దొరికారు. ఒకరు కొట్టు నడిపే పెద్దమ్మ. మిగతా ఇద్దరూ వడ్రంగి, అతని భార్య. ఆ ఇద్దరికీ లేచిపోయే దారి లేదు. పన్నెండు బడి బల్లలు ఎక్కించుకున్న వాళ్ళ పాత పెట్రోలు పికప్పు ఎదురుగా ఉన్న ఎత్తు సగం ఎక్కి, ఇక నా వల్ల కాదని వెనక్కి జారి, కొట్టు ముందుకొచ్చి నిలబడింది. బడి ఆ ఎత్తు మీదే ఉంది. తెల్లారితే తలుపులు తీస్తారు. ఈ సాయంత్రానికి బల్లలు చేరకపోతే ఇకముందు పని ఇంకెవరికైనా ఇస్తామని బడివాళ్ళు ముందే చెప్పారు.

"మూడు గంటల పని తమ్ముడూ" అన్నాడు నాలుగో గేరు, గ్లాసు కింద పెట్టకుండానే. "ఇంజను విప్పుతాను, బలం పెంచుతాను, పొద్దు వాలేలోపు మీ చేతిలో పెడతాను. కూలి ఒద్దు. మీ షెడ్డులో ఆ టేకు దుంగ ఉంది చూడు, అది పంపించు. మంచం చేయించుకుంటాను."

వడ్రంగి భార్య తలెత్తింది. ఆ దుంగని ఆమె మామ పదిహేనేళ్ళు పొర్లించి పొర్లించి ఆరబెట్టాడు. ఏం చేయాలో చెప్పకుండానే పోయాడు. మొగుడూపెళ్ళాలు ఇంతవరకు దాని మీద రంపం పెట్టలేదు.

"పోయినేడు కోళ్ళాయన మోపెడ్ కూడా మూడు గంటలే అన్నావు" అంది పెద్దమ్మ.

"ఆయన మోపెడ్‌కి ప్రాణం లేదు పెద్దమ్మా, నేనేమన్నా దేవుణ్ణా. నా పికప్పు సంగతి చెప్పానా వీళ్ళకి? చెప్పలేదా? అయితే వినండి. మీ బండీ నా బండీ ఒక కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళు. అదే వయసు, అదే ఇంజను. నేను కొన్నప్పుడు దానికి చదును నేల మీద నడవడమే గొప్ప. ఎత్తు చూస్తే కళ్ళు తిరిగేవి. నేనేం చేశాను? గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, ఉన్నదే చెప్తాను. పెట్రోల్లో గాలి కలిపే కార్బురేటర్ విప్పాను. కడిగాను. పెట్రోలు చిమ్మే జెట్ ఉంటుంది, చీమ తల దూరేంత కన్నం దానికి, అది తీసేసి ఒక నంబరు పెద్దది పెట్టాను. అంతే. మర్నాడు అదే బండి, ఇదే ఎత్తు, ఆరు బస్తాల సిమెంటు, మూడో గేరులో ఎక్కింది."

"నేను చూశాను" అంది పెద్దమ్మ. "నాలుగు బస్తాలు."

"రెండు నీకు కనపడని వైపు ఉన్నాయి. సరే, ఎక్కింది. ఇంకొకడైతే అక్కడ చేతులు దులుపుకుంటాడు. నా వల్ల కాలేదు. ఇంజనంటే ఏమిటి తమ్ముడూ? ఊపిరి. గాలి పీల్చాలి, పొగ వదలాలి. ఎంత పీలిస్తే అంత బలం. అందుకని పాత పొగగొట్టం కోసి అవతల పారేసి బోరుబావి పైపు తెచ్చి వెల్డింగ్ పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచానో లేదో, వెనక వీధిలో బట్టలు ఆరేసినవాళ్ళంతా మడతలు పెట్టి లోపలికి పట్టుకుపోతున్నారు. ఆ వారమంతా ముసురు. వెనక వీధిలో మాత్రం తడి చొక్కా లేదు."

"మసి పట్టలేదా అన్నయ్యా?" అంది వడ్రంగి భార్య.

బల్లలకి పాలిష్ పెట్టేది ఆమే. వేళ్ళు ఎప్పుడూ ముదురు గోధుమరంగులో ఉంటాయి. ఏ వస్తువు కంటపడినా లోపల ఏముందో తెలుసుకునేదాకా ఆమెకి కుదురుండదు. పెళ్ళైన కొత్తలో గోడగడియారం విప్పి మళ్ళీ బిగించిందని, అప్పట్నించి అది సరిగ్గా నడుస్తోందని వడ్రంగి ఇప్పటికీ కొంచెం భయంగానే చెప్తాడు.

"మసా? మసి పట్టేది చాలీచాలని ఊపిరికి చెల్లెమ్మా. నా బండి వదిలేది పొగ కాదు, వేడిగాలి. దాంట్లో అప్పడం పెడితే పొంగేది."

"మరి ఎంత గాలి పీల్చాలో ఇంజనుకి ఎవరు చెప్తారు?"

"కాలు చెప్తుంది." ఇలాంటివి అడిగితే నాలుగో గేరుకి మహా ఇష్టం. గ్లాసు కింద పెట్టి అరచెయ్యి పెడల్‌లా వంచాడు. "ఇదిగో, ఇది ఎక్సిలేటర్. దీని వెనకాల తీగ. ఇది తొక్కితే తీగ లాగుతుంది. తీగ లాగితే కార్బురేటర్ గొంతులో బిళ్ళంత తలుపు తెరుచుకుంటుంది. ఎంత తొక్కితే అంత తలుపు."

"సగం తొక్కితే?"

"సగం తలుపు, సగం ఊపిరి. సగం సగం పనులు మన ఇంటావంటా లేవు కాబట్టి ఇది విను. ఒక గొంతు చాలదని రెండో కార్బురేటర్ కూడా తగిలించాను. ఇంజను హెడ్డు అరగదీయించాను. అప్పుడు మొదలైంది అసలు పీల్చడం. ముందు ఎండుటాకులు పోయాయి. సరే అనుకున్నాను. తర్వాత పక్కింటి గుమాస్తాగారి గొడుగు, అదీ తెరిచి ఉన్న గొడుగు. సాయంత్రం గాలి ఫిల్టరు విప్పితే దాంట్లో రెండు పిచ్చుకలు. చావలేదు, కూర్చున్నాయి. జుట్టు మాత్రం రేగిపోయి ఉంది. ఒక ఉత్తరం కూడా దొరికింది. ఎవరో డబ్బాలో వేద్దామని చేత్తో పట్టుకెళ్తున్నారట."

"ఎవరికి రాశారో?" అంది పెద్దమ్మ.

"పరాయివాళ్ళ ఉత్తరాలు నేను చదవను."

వడ్రంగి నవ్వాడు కానీ చెయ్యి జేబులో ఉన్న తాళంచెవి మీదే ఉంది. అతను ఎత్తు వైపు చూశాడు, బల్లల వైపు చూశాడు, మెకానిక్ నోటి వైపు చూశాడు. మునిగేవాడికి గడ్డిపోచ ఎంత లావుగా కనపడుతుందో అంత లావుగా కనపడుతోంది ఆ నోరు.

"ఇక అసలు రోజు. ఇరవై బస్తాలు వేశాను."

"పికప్పులోనా?" అన్నాడు వడ్రంగి.

"ఇరవై వెనకాల, పది ముందు నా పక్కన. నలభై బస్తాలతో ఇదిగో సరిగ్గా ఇక్కడ నిలబెట్టి, గేరు వేసి, పెడల్ నేలకి ఆనేదాకా తొక్కాను. బండి కదల్లేదు. నా గుండె జారిపోయింది. పక్కకి చూద్దును కదా, రోడ్డు కదులుతోంది. చక్రాల కింద తారంతా ముడతలు పడి వెనక్కి పోగవుతోంది, దుప్పటి లాగినట్టు. ఆ మలుపు దగ్గర గతుకు చూశారా, అది అప్పటిదే."

"అది నీళ్ళ పైపుకి తవ్విన గొయ్యి" అంది పెద్దమ్మ.

"తవ్వడానికి అక్కడ మెత్తబడింది ఎవరి వల్ల? సరే, రోడ్డంతా అయిపోయాక ఎత్తే నా దగ్గరకొచ్చింది. పైన ఇంజను ఆపి దిగాను. చుట్టూ నిశ్శబ్దం. ఏమిటబ్బా అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా బండి చప్పుడు ఇంకా రాలేదు. సగం ఎత్తులో ఎక్కడో ఉండిపోయింది. బడి గోడ మీద కూర్చుని చెమట తుడుచుకున్నాను. అప్పుడొచ్చింది చప్పుడు. దాని వెనకాల పొగ. పొగ వెనకాల, కుంటుకుంటూ, రొప్పుకుంటూ, నా నీడ."

ఈసారి పెద్దమ్మ కూడా బస్తాలు లెక్కపెట్టలేదు. అబద్ధమే అయినా అంత పొడుగుది కళ్ళముందు నడిచి వెళ్తుంటే దారి ఇవ్వాల్సిందే.

"ఆ బండి ఇప్పుడెక్కడ?" అన్నాడు వడ్రంగి. గొంతులో నిజంగానే ఆశ ఉంది. "అదే తెస్తే బల్లలు దాంట్లో..."

"షెడ్డులో కట్టేశాను తమ్ముడూ. ఇంకో నాలుగుసార్లు ఎక్కితే ఎత్తు అరిగిపోతుంది, మనకున్నది ఒక్క ఎత్తు అని పెద్దమనుషులు వచ్చి చేతులు పట్టుకున్నారు. అందుకే ఈ సైకిలు. ఇటివ్వు తాళం. పొద్దు పోతోంది."

వడ్రంగి తాళం తీశాడు.

"ఒక్క మాట అన్నయ్యా" అంది భార్య. తాళం రెండు అరచేతుల మధ్య గాలిలో ఆగింది. "నేలకి ఆనేదాకా తొక్కాను అన్నావు. నేలంటే బండి అడుగు రేకేగా?"

"మరి ఆకాశమా?"

"మొన్న మా బండి నువ్వే నడిపి చూసి, పిస్టన్ రింగులు అరిగిపోయాయి, ఇంజను విప్పాల్సిందే అన్నావు. అప్పుడూ అలాగే తొక్కావా?"

"అడుగంటా తొక్కాను. ఊపిరే లేదు. అందుకేగా రింగులన్నది."

"కాలికి ఏం తగిలింది?"

"అడుగు తగిలింది. ఇంకేం తగులుతుంది?"

"మా బండికి అక్కడ అడుగు లేదన్నయ్యా. పోయిన వానాకాలం తుప్పు తినేసి ఊడిపోయింది. పెడల్ కింద రోడ్డు కనపడేది."

"నేను మూశాను కదా" అన్నాడు వడ్రంగి. పనితనం గురించి మాట వచ్చేసరికి ఆ దిగుల్లోనూ అతని ముఖం కొంచెం వెలిగింది. "రెండంగుళాల టేకు చెక్క. కింద నుంచి బిగించాను, మేకు తల కూడా కనపడదు. గుంటలో బండి దిగినా కాలు తడవదు. నిండుగా, పెడల్ కిందిదాకా వచ్చేలా..."

చివరి మాట దగ్గర అతని గొంతు దానంతటదే నెమ్మదించింది.

"బండి నీరసించింది ఎప్పట్నించి?" అంది భార్య.

"పోయిన వానాకాలం నుంచి" అన్నాడు వడ్రంగి, ఎవరికీ వినపడనంత చిన్నగా. "ఇంజనులోకి నీళ్ళు పోయాయేమో అనుకున్నాను."

ఆమె లేచి బండి దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసి వంగి చేత్తో పెడల్ నొక్కింది. అది రెండు వేళ్ళ మందం దిగి టక్కుమని చెక్కకి తగిలింది. ఆ చప్పుడు అరుగు దాకా వినపడింది. మళ్ళీ నొక్కింది. టక్. ఇంజనులు విప్పే మనిషికి కాలి కింద ఉన్నది ఇనుమో కలపో తెలియలేదన్నమాట. పెద్దమ్మ అతని ముందున్న ఖాళీ గ్లాసు తీసేసింది.

ఉలీ సుత్తీ పనిసంచిలోనే ఉన్నాయి. వడ్రంగి బోర్లా పడుకుని తను అంత ముద్దుగా బిగించిన చెక్కలో పెడల్ దిగేంత చోటు చెక్కడం మొదలుపెట్టాడు.

"చెక్క తీసినంత మాత్రాన సరిపోదు తమ్ముడూ" అన్నాడు నాలుగో గేరు. "రింగుల సంగతి రింగులదే. నేనైతే..."

"కాలు తడుస్తుంది" అన్నాడు వడ్రంగి లోపల్నించి, భార్యతో.

"తడవనీ. ఎండాకాలం ఆరుతుంది" అంది ఆమె.

అరచెయ్యంత ముక్క ఊడొచ్చింది. పెడల్ కింద మళ్ళీ రోడ్డు కనపడింది. వడ్రంగి ఎక్కి కూర్చుని స్టార్ట్ చేసి తొక్కాడు. ఏడాదిగా సగం ఊపిరితో బతికిన ఇంజను ఒక్కసారిగా గొంతు తెరిచింది. బండి కదిలింది. రోడ్డు ఎక్కడిదక్కడే ఉంది. రెండో గేరులో, పన్నెండు బల్లలూ ఒకదానికొకటి తగిలి లొడలొడమంటుంటే, ఇందాక ఆగిన చోటుకి వచ్చింది. పెద్దమ్మ టీ వడపోయడం ఆపింది. వడ్రంగి భార్య కొంగు పిడికిట్లో పట్టుకుంది. బండి కొంచెం మూలిగింది, కొంచెం దగ్గింది, ఆ చోటు దాటింది. మలుపు తిరిగింది. చప్పుడూ పొగా నీడా అన్నీ దాంతోపాటే వెళ్ళాయి.

కొద్దిసేపటికి పైనుంచి హారన్ వినపడింది. రెండుసార్లు.

నాలుగో గేరు సైకిలు స్టాండు తీశాడు. "నేను మొదట్నుంచీ చెప్తున్నదే కదా చెల్లెమ్మా. కాలే చెప్తుందని. నేను చెప్పకపోతే నీకు తెలిసేదా?"

"తెలిసేది కాదు" అంది ఆమె. నిజమే మరి, దాన్ని కాదనలేదు. కింద పడి ఉన్న ముక్క తీసి పొట్టు ఊది, సైకిలు బుట్టలో పెట్టింది. "కూలి బాకీ ఉంచుకోవడం మా ఇంట్లో అలవాటు లేదన్నయ్యా. ఇదీ టేకే. మంచానికి చాలదనుకోకు. ఇరవై బస్తాల్ని నలభై చేసిన నీ నోటికి అప్పజెప్పు, పొద్దు వాలేలోపు పడుకోవచ్చు."