మైలో వేసిన ఇరవై

ఆ శనివారం మధ్యాహ్నం అమెరికాలోని విస్కాన్సిన్‌లో, గడ్డకట్టిన సరస్సు పక్కనున్న ఆటబొమ్మల కొట్టు వెనకగదిలో ముగ్గురి ప్రాణాలు ఒక గుహ గుమ్మం దగ్గర ఆగిపోయాయి. కాగితం మీది ప్రాణాలే, కానీ ఏడాదిగా వారం వారం పెంచుకున్నవి. ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే హెట్టీది మంత్రగత్తె పాత్ర, ఇనపకొట్టు ఎల్రాయ్‌ది కత్తివీరుడు, పాల ట్యాంకరు తోలే మైలో డ్రెట్స్కాది దొంగ. ఆట నడిపేది వాండా. మిగతా రోజుల్లో స్కూలు బస్సు తోలుతుంది. ఇక్కడ మాత్రం కొండా ఆవిడే, వానా ఆవిడే, రాక్షసులూ ఆవిడే. ఎదురుగా ఏముందో ఆమె చెబుతుంది, ఏం చేస్తారో వీళ్ళు చెబుతారు, అది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది; ఇరవై పడితే తిరుగులేదు. పాత్ర చచ్చిపోతే కాగితం చింపెయ్యడమే.

"డ్రాగన్ మేలుకునే ఉంది," అంది వాండా. "లోపలికి ఎవరెళ్తారు?"

"నేను," అన్నాడు మైలో. "కత్తులెందుకు, మాటల్తోనే పడగొడతా."

హెట్టీ తన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నువ్వు ఒక్క మాట తప్పావంటే మనం ముగ్గురం బూడిదే."

"ఓష్‌కోష్‌లో నేనాడిన ఆట సంగతి తెలీక అలా అంటున్నావు," అని మైలో కుర్చీ వెనక్కి వాల్చాడు. కోతలు మొదలయ్యాయని వాండాకి అర్థమైపోయింది. కాఫీ గ్లాసు దగ్గరికి లాక్కుంది.

"అప్పుడు నా దొంగ దగ్గర ఒక పెనం, మూరెడు తాడు, అంతే. వంతెన మీద ముగ్గురు గోబ్లిన్లు, ఆ మరుగుజ్జు రాక్షసులు, అడ్డం నిలబడ్డారు. నేనేం చేశానో తెలుసా? పెనం నెత్తిన బోర్లించుకుని, నేను మీ రాజుగారి వంటవాణ్ణి, విందుకి బాగా కండపట్టినవాళ్ళు ముగ్గురు కావాలి అన్నా. పాచిక వేశా. ఇరవై! ముగ్గురూ పొట్టలు లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, వంతెన దిగి పోయారు."

"పోన్లే, ఇరవై ఎవరికైనా ఒకసారి పడుతుంది," అన్నాడు ఎల్రాయ్.

"ఒకసారా? ఆ రోజు ఇంకో అంకె ఉందన్న సంగతే పాచిక మర్చిపోయింది. మళ్ళీ ఇరవై, వాళ్ళ సైన్యమంతా నా వెనకాల. మళ్ళీ ఇరవై, వాళ్ళ రాజు కిరీటం తీసి నా పెనం మీద పెట్టాడు. ఇక ఆ తర్వాత వచ్చిందయ్యా డ్రాగన్. తల ఓష్‌కోష్‌లో ఉంటే తోక చికాగోలో. ఆట నడిపేవాడు చెమట తుడుచుకుని, మైలో, ఈసారి ఇరవై పడితే తప్ప బతకవు అన్నాడు. నేను విసిరా. ఎంత జోరుగా విసిరానంటే, పాచిక బల్ల మీంచి ఎగిరి, మెట్లు దిగి, పిజ్జా తెచ్చినవాడు తలుపు తీసేసరికి వాడి కాళ్ళ సందులోంచి వీధిలో పడి, మంచు తోసే బండి కొట్టిన దెబ్బకి గడ్డకట్టిన సరస్సు మీద జారి, చేపలకోసం తవ్విన కన్నంలో బుడుంగుమంది."

"అయితే ఆట పోయినట్టే," అన్నాడు ఎల్రాయ్.

"ఎందుకు పోతుంది? అక్కడ గాలం వేసుకు కూర్చున్న ముసలాయన అప్పుడే లాగాడు, ఇంత చేప. మేమందరం వట్టి చొక్కాల్తో మంచులో పరిగెత్తాం. కడుపు కోశాం. లోపల ఏముందో చెప్పుకోండి."

"ఇరవై," అంది హెట్టీ నీరసంగా.

"పైకి చూస్తూ! అంతటితో అయిందా? ఆ చేప కడుపులో ఇంకో చేప, దాని కడుపులో ఎవరిదో ఇంకో పాచిక. అదీ ఇరవయ్యే."

"చేప కడుపులో పైకి అంటే ఎటు, మైలో? అటు తిప్పితే?" అన్నాడు ఎల్రాయ్.

"తిప్పలేదుగా," అన్నాడు మైలో.

వాండా గ్లాసు కింద పెట్టింది. "మన ఆటలో బల్ల దగ్గర అన్న మాట గుహలో అన్నట్టే కదా. ఇదంతా డ్రాగన్ కూడా వింది. నమ్ముతుందో లేదో వెయ్యి. ఇంత కోతకి ఇరవై పడాల్సిందే. పడకపోతే మూడు కాగితాలూ చింపుతా."

మైలో పాచికని రెండుసార్లు చొక్కాకి తుడిచాడు. కోతలు కోసేటప్పుడు కొండంత మనిషి, ఇప్పుడు బడి బస్సులో మొదటిరోజు ఎక్కిన పిల్లాడిలా ఉన్నాడు. వాండాకి జాలేసింది. కానీ అన్నమాట అన్నమాటే.

హెట్టీ కళ్ళు మూసుకుంది. పాచిక దొర్లింది, చీజు పళ్ళేనికి తగిలింది, ఆగింది.

ఇరవై.

మైలో వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. లేచేసరికి కుర్చీ వెనక్కి పడింది.

"ఇరవై పడింది," అన్నాడు. "హెట్టీ, చూడు. మా అమ్మ మీద ఒట్టు, నా జన్మలో నాకు ఇరవై పడ్డం ఇదే మొదటిసారి."

ఎల్రాయ్ మెల్లగా తల తిప్పి వాండా వైపు చూశాడు.

"డ్రాగన్ ఈ మాట కూడా వింది," అంది వాండా.

"నా మంత్రగత్తె పరిగెడుతోంది," అంది హెట్టీ.

"నావాడు ఎప్పుడో కొండ దిగాడు," అన్నాడు ఎల్రాయ్.